వేడి తగిలినప్పుడు వృషణాల్లో కణాలు ఏం చేస్తాయి?

ఓ మోస్తరు జ్వరం వచ్చి ఒళ్లు 39 డిగ్రీలకు చేరితే కాలేయంలోని కణాలకు, కండరాల్లోని కణాలకు పెద్దగా ఏమీ కాదు. రెండు రోజులు ఓర్చుకుని మళ్లీ తమ పనిలో పడిపోతాయి. అదే వేడి వృషణాల్లో తయారవుతున్న కణాలకు తగిలితే లెక్క వేరు. వాటిలో కొన్ని గంటల వ్యవధిలోనే చనిపోవడం మొదలుపెడతాయి, కొన్ని ఉన్న పని ఉన్నట్టు ఆపేసి కాచుకుంటాయి, ఇంకొన్ని దాదాపు ఏమీ జరగనట్టే ఉంటాయి. ఒకే అవయవం, ఒకే వేడి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న కణాలు, అయినా స్పందన మూడు రకాలుగా ఉంటుంది.

వేడి వల్ల వీర్యకణాలు దెబ్బతింటాయన్న సంగతి చాలామందికి తెలుసు. అది నిజమే కానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం చేజారిపోతుంది. ఈ కణాలు వేడికి లొంగిపోయి ఊరుకోవు, వాటికి సొంత రక్షణ ఏర్పాట్లున్నాయి, అవి చాలా పకడ్బందీగా కూడా ఉంటాయి. కాకపోతే ఆ ఏర్పాట్లన్నీ ప్రతి కణాన్నీ బతికించడం కోసం పెట్టుకున్నవి కావు. తర్వాతి తరానికి వెళ్లే డీఎన్ఏ చెడిపోకూడదు, కొత్త కణాలు పుట్టించే మూలం ఎండిపోకూడదు, ఈ రెండింటి కోసమే ఆ తాపత్రయమంతా. అందుకే ఇక్కడ కొన్నిసార్లు కణం చావడం కూడా రక్షణలో భాగమే. ఈ ముక్క పట్టుకుంటే, మొదట విన్నప్పుడు తలాతోకా లేనట్టు అనిపించే పరిశోధన ఫలితాలు చాలావరకు ఒక దారిలోకి వస్తాయి.

ముందు బయటి ఏర్పాట్ల గురించి క్లుప్తంగా. శరీరం లోపల సుమారు 37 డిగ్రీలుంటే వృషణాల్లో అంతకంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. వృషణాల సంచి చర్మం పలచగా ఉంటుంది, దాని కింద కొవ్వు పొర ఉండదు, చెమట గ్రంథులు మాత్రం బాగానే ఉంటాయి. చలి వేస్తే డార్టోస్, క్రిమాస్టర్ అనే కండరాలు సంచిని ముడుచుకునేలా చేసి వృషణాలను ఒంటికి దగ్గరగా లాగుతాయి, వేడిగా ఉంటే వదులై కిందికి దించుతాయి. వీటన్నిటికంటే తెలివైన ఏర్పాటు రక్తనాళాల్లో ఉంది. పొట్ట వైపు నుంచి వేడి రక్తం తెచ్చే ధమని చుట్టూ, వృషణం నుంచి చల్లటి రక్తం తీసుకుని పైకి వెళ్లే సన్నటి సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. పైకి వెళ్లే రక్తం కిందికి వచ్చే రక్తంలోని వేడిని దారిలోనే లాగేసుకుంటుంది, దాంతో వృషణానికి చేరేసరికే ఆ రక్తం చల్లబడి ఉంటుంది.

ఇదంతా ఉష్ణోగ్రత కోసమే అని తేల్చిన ప్రయోగాలు 1920లలో జరిగాయి. షికాగోలో కార్ల్ మూర్ అనే శాస్త్రవేత్త గినీ పందుల వృషణాలను పొట్టలోకి జరిపి చూస్తే వీర్యకణాల తయారీ కుప్పకూలింది. అయితే అందుకు కారణం వేడేనా, లేక చోటు మారడమా, ఆపరేషన్‌లో తగిలిన దెబ్బా అన్న ప్రశ్న మిగిలిపోతుంది కదా. అందుకని పొట్టేళ్ల వృషణాలను ఉన్నచోటే ఉంచి, సంచి చుట్టూ వేడి బయటికి పోకుండా చుట్టి చూశారు. కత్తి పెట్టలేదు, చోటు మారలేదు, అయినా తయారీ దెబ్బతింది. వేడే కారణం అని చెప్పడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

అలాగని చల్లదనం లేకపోతే వీర్యకణాలు ఏ జంతువులోనూ తయారు కావని కాదు. పక్షుల ఒంటి ఉష్ణోగ్రత 40, 41 డిగ్రీల దాకా ఉంటుంది, వాటి వృషణాలు లోపలే ఉంటాయి, అయినా వాటి సంతానానికి ఏ లోటూ లేదు. ఏనుగుల వృషణాలు కూడా పొట్టలోనే ఉంటాయి. డాల్ఫిన్లకూ లోపలే, కాకపోతే వాటి వీపు రెక్క నుంచి, తోక నుంచి చల్లబడిన రక్తం నేరుగా వృషణాల పక్కకు వచ్చేలా నాళాలు అమరి ఉన్నాయి. దీన్నిబట్టి 34, 35 డిగ్రీలన్నది జీవశాస్త్రం మొత్తానికీ పెట్టిన హద్దు కాదని తెలుస్తుంది. వృషణాలు బయట ఉండే జంతువుల్లో ఈ కణాల లోపలి యంత్రాంగం ఆ చల్లదనానికి అలవాటు పడి, దానికి తగ్గట్టే సర్దుకుని ఉంది. అందుకే వాటికి మామూలు ఒంటి వేడి కూడా వేడి దెబ్బే అవుతుంది.

ఇక కణాల సంగతి. మనిషిలో ఒక మూలకణం నుంచి వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. మొదట స్పెర్మటోగోనియా అనే కణాలుంటాయి, ఇవే విత్తన నిల్వ, మామూలు విభజనతో తమను తాము పెంచుకుంటూ కొన్నింటిని ముందుకు పంపుతాయి. అలా ముందుకెళ్లినవి స్పెర్మటోసైట్లవుతాయి, క్రోమోజోముల సంఖ్యను సగం చేసే ప్రత్యేక విభజన, అంటే మియోసిస్, జరిగేది వీటిలోనే. ఆ తర్వాత గుండ్రటి స్పెర్మటిడ్లు, అవి సన్నబడి తోక మొలిపించుకుంటే వీర్యకణాలు. అక్కడి నుంచి ఎపిడిడిమిస్ అనే పొడవాటి గొట్టంలోకి చేరి ఇంకొన్నాళ్లు అక్కడ ముదురుతాయి.

వేడికి వీటిలో ఎవరు ఎక్కువ పడిపోతారన్నది ఎలుకల్లో చాలాసార్లు చూశారు. ఎక్కువగా వాడే పద్ధతి చాలా సింపుల్‌గా ఉంటుంది, వృషణాల సంచిని 43 డిగ్రీల నీటిలో ఓ 15 నిమిషాలు ఉంచి తీస్తారు. మియోసిస్ మధ్యలో, పాకిటీన్ అనే దశలో ఉన్న స్పెర్మటోసైట్లు, తొలి దశలో ఉన్న గుండ్రటి స్పెర్మటిడ్లు, ఇవే మొదట పోతాయి. స్పెర్మటోగోనియాలో ఎక్కువ భాగం నిలబడతాయి. అవి మిగిలాయి కాబట్టే కొన్ని వారాల్లో తయారీ మళ్లీ మొదటి నుంచి పుంజుకుంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఒక జవాబు 2012లో సియోల్ నేషనల్ యూనివర్సిటీలోని కున్సూ రీ బృందం ఇచ్చింది. ఇది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం. ఏ కణమైనా ఒత్తిడిలో పడినప్పుడు మొదట చేసే పని ఖర్చు తగ్గించుకోవడం. కణంలో అతి పెద్ద ఖర్చు ప్రోటీన్ల తయారీ. పైగా వేడిలో తయారైన ప్రోటీన్లు సరిగ్గా మడత పడక ఉండకట్టి ఇంకా పెద్ద తలనొప్పి తెస్తాయి. అందుకని ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2 ఆల్ఫా అనే అణువుకు కణం ఒక ఫాస్ఫేట్ ముక్క తగిలిస్తుంది, దాంతో తయారీ చాలావరకు ఆగిపోతుంది. చదవడం మధ్యలో ఆగిపోయిన ఆర్‌ఎన్‌ఏ పత్రాలు, వాటిని పట్టుకున్న ప్రోటీన్లు, ప్రోటీన్లు తయారు చేసే రైబోజోమ్ యంత్రాల ముక్కలు అన్నీ కలిసి కణద్రవంలో చిన్న చిన్న గుంపులుగా చేరతాయి. వీటికి స్ట్రెస్ గ్రాన్యూల్స్ అని పేరు. వీటి చుట్టూ పొర ఏమీ ఉండదు, అందుకే అవసరం రాగానే నిమిషాల్లో కట్టుకుంటాయి, పరిస్థితి చక్కబడగానే కరిగిపోయి లోపల దాచిన ఆర్‌ఎన్‌ఏను మళ్లీ పనికి వదులుతాయి.

ఎలుక వృషణాలను శరీరం లోపలి ఉష్ణోగ్రతకు కొద్దిసేపు తీసుకెళ్లినా వాటిలోని బీజకణాల్లో, అంటే వీర్యకణాలుగా మారబోయే కణాల్లో, ఈ గుంపులు ఏర్పడటం రీ బృందం చూసింది. చర్మం కణమో, కాలేయం కణమో అయితే ఆ ఉష్ణోగ్రతలోనే రోజంతా బతుకుతుంది, బీజకణం మాత్రం దాన్ని ప్రమాద ఘంటికగానే తీసుకుంది. ఈ గుంపుల్లోకి వెళ్లి చేరిన వాటిలో డాజ్‌ఎల్ అనే ప్రోటీన్ ఉంది. ఇది బీజకణాల్లో మాత్రమే ఉండే ప్రోటీన్, ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని ఏది ఎప్పుడు ప్రోటీన్‌గా మారాలో చూసుకోవడం దీని మామూలు ఉద్యోగం. వై క్రోమోజోమ్ మీద దీనికి డాజ్ అనే దగ్గరి చుట్టం ఉంది, ఆ భాగం తెగిపోయిన మగవాళ్లలో వీర్యకణాలు బాగా తక్కువగా ఉండటమో, అసలు లేకపోవడమో జరుగుతుంది. అలాంటి కీలకమైన ప్రోటీన్‌కు వేడి సమయంలో ఇంకో పని కూడా ఉందన్నమాట. డాజ్‌ఎల్ జన్యువు తీసేసిన ఎలుకల్లో, తొలి దశ బీజకణాలకు వేడి తగిలించి చూస్తే గుంపులు కట్టే శక్తి బాగా తగ్గిపోయింది.

ఈ గుంపులు ఉంటే ఏమిటి లాభం అంటే, ఆర్‌ఎన్‌ఏను భద్రంగా దాచడం ఒకటి, అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. వేడి దెబ్బ తగిలినప్పుడు కణం లోపల చావు సందేశం మోసే మార్గాలుంటాయి. వాటిలో మ్యాప్ కైనేజ్ అనే ఎంజైముల వరుస ఒకటి, ఒకటి ఇంకొకదాన్ని లేపుతూ పోతుంది, చివరికి కణం తనను తాను కూల్చుకునే కార్యక్రమం మొదలవుతుంది. ఆ వరుసలోని ఎంజైములు ఒకచోట చేరడానికి రాక్1 అనే ప్రోటీన్ ఆసరా కావాలి. స్ట్రెస్ గ్రాన్యూల్స్ సరిగ్గా ఈ రాక్1నే లోపలికి లాక్కుని బంధించేస్తాయి. ఆసరా దొరక్క సందేశం మధ్యలోనే ఆగిపోతుంది. అంటే కణం ఇక్కడ వేడిని తగ్గించలేదు, దెబ్బను బాగు చేయనూ లేదు, చావాలన్న నిర్ణయాన్ని మాత్రం కాసేపు వాయిదా వేసింది. వేడి కొద్దిసేపే ఉండి పోతే ఆ వాయిదానే ప్రాణం నిలబెడుతుంది. వేడి రోజుల తరబడి వదలకపోతే మాత్రం ప్రోటీన్ తయారీ ఆపుకుని ఏ కణమూ ఎంతోకాలం బతకలేదు, కాబట్టి ఈ రక్షణకు ఒక గడువుంది. చిన్న వేడికీ నిలకడగా ఉండే వేడికీ మధ్య ఫలితంలో ఇంత తేడా రావడానికి ఇదొక కారణం అనుకోవడం సబబే.

రెండో జవాబు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. వేడి తగిలితే హీట్ షాక్ ప్రోటీన్లు పుడతాయని, అవి మిగతా ప్రోటీన్లు చెడిపోకుండా చూసుకుంటాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ ప్రోటీన్ల జన్యువులను మేల్కొలిపే స్విచ్ హెచ్‌ఎస్‌ఎఫ్1. శరీరంలో దాదాపు ప్రతి కణానికీ ఇది రక్షకుడే. మామూలు కణాల్లో ఈ స్విచ్ పడాలంటే 41, 42 డిగ్రీల వేడి కావాలి. ఎలుకల మగ బీజకణాల్లో మాత్రం 38 డిగ్రీలకే పడిపోతుందని 1990లలోనే తేలింది. ఇది చూడగానే ఎవరికైనా, ఓహో, వీటికి వేడి ఎక్కువ ప్రమాదం కాబట్టి రక్షణ కూడా ముందే మొదలవుతోంది అనిపిస్తుంది.

కానీ జరిగేది అలా లేదు. 2000లో జపాన్‌కు చెందిన అకిరా నకాయ్ బృందం వేడి లేకుండానే హెచ్‌ఎస్‌ఎఫ్1 ఎప్పుడూ పనిచేస్తూ ఉండేలా ఎలుకలను తయారు చేసి చూసింది. వాటిలో వీర్యకణాల తయారీ స్పెర్మటోసైట్ దశలోనే ఆగిపోయింది, కణాలు చనిపోయాయి. రక్షకుడనుకున్నది ఇక్కడ ప్రాణం తీసింది. ఆ తర్వాత ఇదే వరుసలో 2004లో వచ్చిన పని మరీ స్పష్టంగా ఉంది. హెచ్‌ఎస్‌ఎఫ్1 లేని ఎలుకలకు వేడి తగిలిస్తే, మామూలు ఎలుకల్లో చచ్చిపోయే స్పెర్మటోసైట్లు వీటిలో ఎక్కువగా బతికాయి. మరోపక్క మామూలుగా నిలబడే చిన్న కణాలు, అంటే స్పెర్మటోగోనియా లాంటివి, వీటిలో ఎక్కువగా పోయాయి. ఒకే స్విచ్, చిన్న కణంలో పడితే బతికించింది, ముదిరిన కణంలో పడితే చంపింది. పంట పోతే పోనీ, విత్తనాలు మిగిలితే చాలు అనుకునే రైతు లెక్కే ఇది.

స్పెర్మటోసైట్లలో ఈ చావు ఎంత గట్టిగా రాసిపెట్టి ఉందంటే, వాటిలోకి కావాలని హెచ్‌ఎస్‌పీ70 అనే రక్షక ప్రోటీన్‌ను చేర్చి చూసినా హెచ్‌ఎస్‌ఎఫ్1 తెచ్చే చావును అది ఆపలేకపోయింది. అంటే రక్షక ప్రోటీన్లు చాలక కణం చస్తోందని అనుకోవడానికి లేదు. చావాలన్న ఆదేశం విడిగా, సొంతంగా నడుస్తోంది.

ఇక్కడ మరో చిక్కుముడి ఉంది. స్పెర్మటోసైట్లలో వేడితో నిమిత్తం లేకుండా ఎప్పుడూ ఉండే సొంత హీట్ షాక్ ప్రోటీన్ ఒకటుంది, హెచ్‌ఎస్‌పీఏ2 అంటారు. దీన్ని వేడి రోజుల కోసం పెట్టుకున్న నిల్వ అనుకోవచ్చు, కానీ దాని ప్రధాన పని మియోసిస్ నడిపించడం. జత కట్టిన క్రోమోజోములను విడదీసి కణాన్ని తర్వాతి దశకు తోసే పనిలో ఇది లేకపోతే కుదరదు. 1996లో ఈ జన్యువు లేని ఎలుకలను తయారు చేస్తే మగవాటిలో స్పెర్మటోసైట్లు అక్కడే ఆగి చనిపోయాయి, అవి పూర్తిగా సంతానహీనమయ్యాయి, ఆడ ఎలుకలకు మాత్రం ఏమీ కాలేదు. వేడి వచ్చినప్పుడు ఇలాంటి ప్రోటీన్లు చెడిపోయిన ప్రోటీన్ల వెంటపడితే రోజువారీ పని దెబ్బతినే అవకాశం ఉంది. ఈ కణాలు వేడిని ఎందుకు అంతగా తట్టుకోలేవు అన్నదానికి ఇదీ ఒక కోణం అని ఊహించవచ్చు.

అసలు మియోసిస్‌లో ఉన్న కణాన్నే ఎందుకు చంపేయాలి? ఎందుకంటే ఆ సమయంలో అది తన డీఎన్ఏను తనే ముక్కలు చేసుకుని ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్ ముక్కలు మార్చుకోవాలంటే ముందు తెగాలి. ఎలుక స్పెర్మటోసైట్‌లో స్పో11 అనే ఎంజైమ్ ఒక్కో కణంలో 200 నుంచి 300 చోట్ల డీఎన్ఏ రెండు పోగులనూ కోస్తుంది. ఆ కోతలన్నీ మళ్లీ సరిగ్గా అతుక్కోవాలి, ఒక్కటి తేడా వచ్చినా బిడ్డకు చేరే డీఎన్ఏలో లోపం మిగిలిపోతుంది. ఎలుక వృషణ ముక్కలను బయట పెంచి ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా మార్చి చూసిన జపాన్ పరిశోధకులు 2022లో చెప్పింది సరిగ్గా ఇదే. 34 డిగ్రీల దగ్గర అంతా సవ్యంగా సాగింది, 37, 38 డిగ్రీలకు చేరేసరికి కణాలు మియోసిస్‌లోకి వెళ్లాయి గానీ కోతలను అతికించుకోలేక, క్రోమోజోములను సరిగ్గా జత చేసుకోలేక ఆగిపోయాయి. ఇంతకంటే పెంచితే ఇతర దశలు కూడా దెబ్బతిన్నాయి. సగం అతికిన డీఎన్ఏతో కణాన్ని ముందుకు పంపడం కంటే అక్కడే ఆపేయడం మేలు కదా, పైగా వెనక మూలకణాలున్నాయి, రోజుకు కోట్ల సంఖ్యలో కొత్తవి తయారు చేసే వ్యవస్థ ఇది, కొన్ని పోతే భర్తీ చేసుకోగలదు. ఆడవాళ్లలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం, అక్కడ అండాల నిల్వ పుట్టకముందే ఏర్పడిపోతుంది, ఇంత ఉదారంగా కణాలను వదులుకునే వెసులుబాటు వాళ్లకు లేదు.

సీ ఎలిగాన్స్ అనే సూక్ష్మ పురుగులో ఇదే కథ ఇంకో రూపంలో కనిపించింది. వాటిని వేడిలో ఉంచితే స్పెర్మటోసైట్లలో డీఎన్ఏ కోతలు పెరిగాయి, అండం వైపు కణాల్లో పెరగలేదు. కారణం వెతికితే, మామూలుగా నోరు నొక్కి ఉంచే ట్రాన్స్‌పోజాన్లు, అంటే జన్యుపటంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్ఏ ముక్కలు, వేడిలో పట్టు తప్పి దూకడం మొదలుపెట్టాయని 2020లో తేలింది. కాబట్టి బీజకణం వేడిలో ఒక్క వైపే కాపలా కాయడం లేదు, ప్రోటీన్లు ఉండకట్టకుండా చూడాలి, కోతలు అతికించాలి, దూకే డీఎన్ఏను అదుపులో పెట్టాలి, ఇవన్నీ ఒకేసారి.

ఈ నాణ్యత తనిఖీ నూరుశాతం పనిచేస్తుందని అనుకుంటే పొరపాటు. ఎలుకల వృషణాల సంచిని 42 డిగ్రీల్లో కేవలం అరగంట ఉంచిన ఒక ప్రయోగంలో, ఆ తర్వాత వచ్చిన వీర్యకణాల్లో డీఎన్ఏ దెబ్బలు కనిపించాయి, వాటితో ఏర్పడిన పిండాలు కూడా సరిగ్గా ఎదగలేదు. చావాల్సినవన్నీ చావలేదు, కొన్ని దెబ్బతోనే గడప దాటాయి. పురుగుల్లోనూ ఇంతే. పిండిలో పెరిగే ట్రైబోలియం అనే ఎర్ర పురుగును ఐదు రోజులు వడగాల్పు లాంటి వేడిలో ఉంచితే మగవాటి సంతాన సామర్థ్యం సగానికి పడిపోయింది, రెండోసారి అలాంటి వేడే తగిలితే దాదాపు సంతానమే లేకుండా పోయింది, ఆడవాటికి మాత్రం పెద్దగా తేడా రాలేదు. 2018లో వచ్చిన ఈ ఫలితం వాతావరణ మార్పు గురించి ఆలోచించేవాళ్లు తప్పక పట్టించుకోవాల్సినది. ఒక జీవి వేడికి చస్తుందా బతుకుతుందా అని లెక్కలు వేస్తాం గానీ, బతికి ఉండి కూడా పిల్లల్ని కనలేని స్థితి అంతకంటే చాలా ముందే వచ్చేస్తుంది.

పూర్తిగా తయారైన వీర్యకణం సంగతి వేరే. దానికి కొత్త ప్రోటీన్లు తయారు చేసుకునే శక్తి దాదాపు ఉండదు, డీఎన్ఏ దెబ్బతింటే బాగు చేసుకోలేదు. దానికున్న కవచం ప్యాకింగ్. మామూలు కణాల్లో డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్లు అనే ప్రోటీన్ల స్థానంలో ప్రోటమీన్లు అనే ఇంకో రకం ప్రోటీన్లు వచ్చి డీఎన్ఏను చాలా బిగువుగా కుదించేస్తాయి, బయటి దెబ్బ సులువుగా లోపలికి చేరదు. పొర మాత్రం బలహీనమే, అందులో ఆక్సిజన్‌తో ఇట్టే చెడిపోయే కొవ్వులు ఎక్కువ. అందుకే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ లాంటి యాంటీ ఆక్సిడెంట్ ఎంజైములు, చుట్టూ ఉన్న వీర్యద్రవం కలిసి దాన్ని కాపాడాలి.

వేడికీ ఆక్సిజన్‌కూ ఉన్న సంబంధం గురించి చాలాకాలం ఒక వివరణ చెలామణిలో ఉంది. వేడెక్కితే కణాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కానీ వృషణానికి రక్త సరఫరా ఆ మేరకు పెరగదు, కాబట్టి ఆక్సిజన్ చాలక కణాలు చస్తాయి అని. వినడానికి బాగానే ఉంది. కానీ గత దశాబ్దంలో పొట్టేళ్ల మీద జరిపిన కొలతల్లో వృషణాలు వేడెక్కినప్పుడు రక్త ప్రవాహం కూడా పెరిగినట్టు, ఆక్సిజన్ కొరత రానట్టు కనిపించింది. వేడి నేరుగా కణాలనే దెబ్బతీస్తోందన్న వాదన వైపే ఇప్పుడు మొగ్గు ఎక్కువ, పైన చెప్పిన అణువుల కథ చూస్తే అది సహజమే అనిపిస్తుంది.

సెర్టోలి కణాల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బీజకణాలను పక్కనే ఉండి పోషించేవి ఇవే. వీటి మధ్య ఉండే గట్టి అతుకులే రక్తంలోని పదార్థాలు ఇష్టారాజ్యంగా లోపలికి రాకుండా గోడలా నిలుస్తాయి. వేడి తగిలితే సెర్టోలి కణాలు చావవు గానీ ఆ అతుకులు వదులవుతాయి, పోషణ తగ్గుతుంది, పక్కనున్న బీజకణాలు పట్టు తప్పి ముందే రాలిపోతాయి. వేడి తగ్గాక అతుకులు మళ్లీ బిగుస్తాయి.

మరి మనుషుల్లో ఇవన్నీ ఎలా కనిపిస్తాయి? ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది జ్వరం తర్వాత చేయించుకున్న వీర్య పరీక్ష. తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గిన వారం రోజులకు పరీక్ష చేస్తే సంఖ్య మామూలుగానే రావచ్చు, అదే నెల, నెలన్నరకు చేస్తే బాగా తగ్గి ఉండొచ్చు. జ్వరం నాటికి స్పెర్మటోసైట్‌గా ఉన్న కణం వీర్యంలోకి రావాల్సింది ఆ తర్వాతి వారాల్లోనే, అప్పుడు పోయిన వాటి ఖాళీ ఇప్పుడు బయటపడుతుంది. మూలకణాలు నిలబడి ఉంటాయి కాబట్టి సాధారణంగా రెండు మూడు నెలల్లో లెక్క సర్దుకుంటుంది. అందుకే జ్వరం వచ్చిన రెండు నెలల్లోపు ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తిపోవడం అనవసరం, డాక్టరుకు ఆ జ్వరం సంగతి చెప్పి, మూడు నెలలు దాటాక మళ్లీ చేయించడమే సరైన దారి.

రోజువారీ అలవాట్లలో కొన్నింటికి కొలతలున్నాయి. ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని గంటసేపు పనిచేస్తే వృషణాల సంచి ఉష్ణోగ్రత రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగినట్టు 2005లో ఒక అధ్యయనం చూపింది, అందులో కాళ్లు దగ్గరగా పెట్టి కూర్చోవడం వల్ల వచ్చిన వాటా కూడా బాగానే ఉంది. ఆవిరి స్నానాల మీద 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో పది మంది మగవాళ్లు వారానికి రెండుసార్లు, మూడు నెలల పాటు 80, 90 డిగ్రీల గదిలో పావుగంట చొప్పున కూర్చున్నారు, వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గాయి, మానేసిన ఆరు నెలలకు మళ్లీ మామూలయ్యాయి. వదులైన లోదుస్తులు వేసుకునేవాళ్లలో వీర్యకణాల సాంద్రత 25 శాతం ఎక్కువగా ఉందని 656 మందిని చూసిన 2018 నాటి అధ్యయనం చెప్పింది, ఇది పరిశీలన మాత్రమే కాబట్టి దుస్తులే కారణమని ఖాయంగా అనలేం. కొలిమి ముందు, బట్టీల దగ్గర, వెల్డింగ్ దగ్గర, గంటల తరబడి డ్రైవింగ్ సీట్లో పనిచేసేవాళ్ల పరిస్థితి మాత్రం వేరు, వాళ్లకు వేడి రోజూ తగిలేదే, కణానికి మళ్లీ తేరుకునే వ్యవధి దొరకదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని వేడి నీళ్ల స్నానాన్ని గర్భనిరోధక పద్ధతిగా నమ్ముకోవడం కూడా తెలివితక్కువే, కణాలు తగ్గడం వేరు, అసలు లేకపోవడం వేరు.

వేరికోసీల్ అంటే వృషణం పైన ఉండే ఆ సిరల వల ఉబ్బి రక్తం నిలిచిపోవడం. సుమారు 15 శాతం మగవాళ్లలో ఇది ఉంటుంది, సంతానలేమితో వచ్చేవాళ్లలో 35 నుంచి 40 శాతం దాకా కనిపిస్తుంది. వేడిని దారిలోనే లాగేసే ఏర్పాటే ఇక్కడ పాడైంది కాబట్టి వృషణం నిరంతరం కాస్త వెచ్చగా ఉంటుంది, చాలామందికి నష్టం ఈ దారిలోనే జరుగుతుందని డాక్టర్లు భావిస్తారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కానీ వీర్య పరీక్ష బాగాలేక, చేతికి తెలిసేంత ఉబ్బు ఉంటే యూరాలజిస్టును కలవాల్సిందే.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం, చాలా ఇళ్లలో సంకోచంతోనో తెలియకో వాయిదా వేసేది, మగపిల్లల్లో వృషణం కిందికి దిగకపోవడం. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది ఉంటుంది, చాలామందిలో మొదటి కొన్ని నెలల్లో దానంతటదే దిగిపోతుంది. దిగకుండా లోపలే ఉండిపోతే, పైన చెప్పిన రక్షణ ఏర్పాట్లేవీ పనికిరావు, ఎందుకంటే అవన్నీ వచ్చిపోయే వేడి కోసం ఉన్నవి. పుట్టిన మొదటి ఏడాదిలోనే బాల్యపు బీజకణాలు అసలైన మూలకణాలుగా మారాలి, లోపలి వేడిలో ఆ మార్పు సరిగ్గా జరగదు, మిగిలిన కణాలు ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతాయి, పెద్దయ్యాక వృషణ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. అప్పుడు పోయేది ఒక విడత వీర్యకణాలు కాదు, వాటిని పుట్టించే నిల్వే. అందుకే బిడ్డకు ఆరు నెలలు నిండినా వృషణం సంచిలో చేతికి తగలకపోతే పిల్లల సర్జన్‌కు చూపించాలి, ఆపరేషన్ అవసరమైతే ఏడాదిన్నర లోపే అయిపోవాలి.